మిగతావన్నీ ఎక్కడివక్కడే

ముటింటా హమూంగా చేతిరాత చదవగలిగింది
లుసాకా మొత్తం మీద నేనొక్కదాన్నే.
ఆర్థికశాస్త్ర విభాగం, మెట్లకింద గది,
కార్బన్ కాగితాల వాసన,
ఒకసారి నొక్కితే రెండుసార్లు పడే అక్షరం ఉన్న టైపు మిషను.

ఆవిడ పాఠాల్లో పేజీకొకసారి ఒక మాట అడ్డం తగిలేది:
"మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయనుకుంటే."
మొక్కజొన్న పిండి ధర ఒక క్వాచా పెరిగితే
కొనేవాళ్ళు ఇంత తగ్గుతారు.
ఒక గీత కిందికి వాలేది, ఇంకోటి పైకి లేచేది,
రెండూ కలిసిన చోట చుక్క పెట్టి
వేళ్ళకంటిన సుద్దపొడి ఊదుకునేది.

ఒక్క ఏప్రిల్లోనే ఆ మాట పద్దెనిమిది సార్లు కొట్టాను.
నవ్వొచ్చేది నాకు.
మా ఇంట్లో ఏదీ ఎక్కడిదక్కడ ఉండేది కాదు:
చెప్పులు, తమ్ముడు, జీతం.

తర్వాత రాగి ధర పడిపోయింది.
ఎక్కడో లండన్‌లో గంట కొడితే
కిట్వేలో గనిలోకి దిగే లిఫ్టు ఆగిపోయేది.
ఆర్థికశాఖ కారు వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుపోయింది,
వారం తిరక్కుండా నన్నూ, నా మిషనునీ.
"నా రాత ఇక్కడెవరికీ అంతుపట్టడం లేదు నమాకౌ," అంది.

నాలుగో అంతస్తు. కాలికి తివాచీ తగిలేది.
కిటికీ నిండా ఊదారంగు జకరాండా పూలు.
ఇక్కడ ఎవరూ ఏదీ "అనుకుంటే" అనరు.
గంట పాఠాన్ని అరపేజీ చెయ్యమంటారు,
అరపేజీని ఫోన్లో చెప్పమంటారు.

పిండి మీద సబ్సిడీ తీసెయ్యాలన్న నోటు
నాలుగుసార్లు టైపు చేశాను.
మొదటిదాంట్లో: అయిదేళ్ళలో, మెట్టు మెట్టుగా.
రెండోదాంట్లో: మూడేళ్ళు.
మూడోదాంట్లో: వచ్చే బడ్జెట్ లోపు.
నాలుగోదాంట్లో: శుక్రవారం నుంచి.
ప్రతిసారీ ఆవిడ పైకెళ్ళేది, ఎర్రబడ్డ మొహంతో దిగొచ్చేది.
నాలుగింటి మీదా సంతకం మాత్రం ఒకటే,
కొద్దిగా కుడికి వాలుతూ.

"గోప్యం" అని ఎర్రముద్ర కొట్టింది నా చెయ్యే.
గురువారం సాయంత్రం ఆరున్నరకి
అదే చేత్తో డబ్బులు లెక్కపెట్టి
పాత ధరకి మూడు బస్తాలు కొన్నాను.
"పెళ్ళా అక్కా?" అన్నాడు కొట్టువాడు.
అవునన్నాను.

శుక్రవారం మధ్యాహ్నానికి మటేరో మీద పొగ లేచింది.
ఇనుప షట్టర్లని రాళ్ళతో బాదుతున్న చప్పుడు
బల్లకింద దాక్కుని లెక్కపెట్టడం మొదలుపెట్టి
లెక్క తప్పాను.
పదకొండో రోజున పాత ధర వెనక్కొచ్చింది.
మా పక్కింటి ముబియానా కొడుకు రాలేదు.
ఆ ఇంటికి నేను గిన్నెడు పిండి పట్టుకెళ్ళాను.
ఏ బస్తాలోదో ఆవిడ అడగలేదు.

మంత్రి మారాడు, తివాచీ మారింది,
ఆవిడ జెనీవాలో ఏదో కమిటీలో ఆరేళ్ళుండి
తెల్లజుట్టుతో విశ్వవిద్యాలయానికే తిరిగొచ్చింది.
నేను రిటైరయ్యానని తెలిసి కూడా
పాఠాల పుస్తకం టైపు చేసిపెట్టమని కబురంపింది.
కంప్యూటరే ఇప్పుడు. అక్షరాలు రెండుసార్లు పడవు.

మూడో అధ్యాయంలో ఆ పాత మాట దగ్గర
చెప్పడం ఆపేసింది.
"ఆ గురువారం నువ్వెన్ని కొన్నావు?"

ఇరవై రెండేళ్ళు నేను దాచిన సంగతిని
టీ చల్లారిపోయిందన్నంత మామూలుగా అడిగింది.

"మూడు," అన్నాను. "మీరో?"

చాలాసేపు గోడకేసి చూసింది.
"కొనలేదు," అంది. "నీతి కాదులే అది.
కొనుక్కోవాలన్న సంగతే నాకు తట్టలేదు."

బయట పిల్లలెవరో బస్సుకోసం పరిగెడుతున్నారు.
"ఆ మాట తీసెయ్యనా?" అన్నాను.
"తీసేస్తే మిగిలిన పేజీ నిలబడదు."
"ఉంచనా?"
జవాబివ్వలేదు.
కళ్ళజోడు తీసి చీరుకుపోయిన జేబురుమాలుతో
తుడుస్తూ కూర్చుంది.

ఆ మాట పొడుగెంతో నా వేళ్ళకి తెలుసు.
అంత ఖాళీ వదిలి
తర్వాతి వాక్యం మొదలుపెట్టాను.